మాత్ర వేసిన నెలకే మళ్ళీ నులిపురుగులు ఎందుకు?

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్ళు. ఫిబ్రవరిలో బడిలో నులిపురుగుల మాత్ర ఇచ్చారు. నెల తిరక్కుండానే రాత్రిళ్ళు మలద్వారం దగ్గర దురదంటూ లేచి కూర్చోవడం మొదలైంది. సన్నని తెల్లటి పురుగులు నా కంటితో చూశాను. మెడికల్ షాపులో అడిగితే అదే మాత్ర ఇచ్చారు. కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ మొదలు. అప్పటినుంచి నెలకోసారి వేస్తూనే ఉన్నాను. మందు పనిచేయడం మానేసిందా? ఇంతకంటే గట్టి మందు ఉందా? పాపకి ఏడాదిన్నర, దానికీ వేయొచ్చా? నాకిప్పుడు ఐదో నెల. ఇంట్లో మావారు, అత్తయ్య, మరిది కూడా ఉంటారు. మరిదికి రెండేళ్ళ క్రితం ఫిట్స్ వచ్చాయి, ఇప్పటికీ మాత్రలు వాడుతున్నాడు. అత్తయ్యకి ఎడమ కాలు బోదకాలు. ఆశా కార్యకర్త ఇచ్చిన నాలుగు మాత్రలు మింగకుండా డబ్బాలో దాచింది. అవీ పురుగుల మందే అంటున్నారు కదా, బాబుకి వేయొచ్చా?

సమాధానం: ముందు మీ చివరి ప్రశ్నకు. వద్దమ్మా. అత్తగారి డబ్బాలోని మాత్రలు బాబుకు వేయకండి. ఎందుకో ఆవిడ సంగతి దగ్గర చెబుతాం.

మందు పనిచేయడం మానలేదు. మీరు చెప్పిన లక్షణాలు, కంటితో చూసిన సన్నని తెల్లటి పురుగు, రాత్రిపూట దురద, ఇవన్నీ నులిపురుగువే. బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర దీనికి సరైన మందే. తేడా అంతా ఒక మాత్రకూ ఇంకో మాత్రకూ మధ్య ఉండాల్సిన రోజుల్లో ఉంది.

బడిలో ఏటా ఫిబ్రవరి 10న, చాలాచోట్ల ఆగస్టు 10న కూడా, ఆ మాత్ర వేసే కార్యక్రమం 2015లో మొదలైంది. 'నులిపురుగుల నివారణ దినం' అని పిలుస్తారు గానీ, దాని గురి ప్రధానంగా మట్టి ద్వారా అంటుకునే మూడు రకాల మీద: వానపాములా పొడుగ్గా ఉండే ఏలికపాము, రక్తం పీల్చే కొంకిపురుగు, పెద్దపేగులో ఉండే కొరడాపురుగు. వీటి గుడ్లు మలంతో బయటికొచ్చి మట్టిలో రోజులూ వారాలూ గడిపితే తప్ప ఇంకొకరికి అంటుకోలేవు. అందుకే ఆరు నెలలకో ఏడాదికో ఒక మాత్ర వేసినా పొట్టలో వీటి సంఖ్య తగ్గుతుంది. నులిపురుగుకు మట్టితో పని లేదు. ఆడపురుగు రాత్రి పిల్లవాడు నిద్రపోయాక మలద్వారం బయటికి వచ్చి చర్మం మీద వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. దురద అప్పుడే. ఆ గుడ్లు నాలుగు నుంచి ఆరు గంటల్లో అంటుకునే దశకు వచ్చేస్తాయి. పిల్లవాడు గోక్కుంటాడు, గుడ్లు గోళ్ళలోకి చేరతాయి, తెల్లారి అదే చేయి నోట్లోకి. దుప్పటి మీద, లోదుస్తుల మీద, మంచం పట్టె మీద పడ్డవి రెండు మూడు వారాలు బతికుంటాయి.

ఇప్పుడు మాత్ర ఏం చేస్తుందో చూడండి. ఆల్బెండజోల్ పురుగు కణాల్లోని ఒక నిర్మాణ ప్రొటీన్‌ను పట్టుకుని, అది గ్లూకోజ్ తీసుకోకుండా చేస్తుంది. పురుగు శక్తి లేక కొన్ని రోజుల్లో చస్తుంది. కానీ గుడ్లను అది నమ్మకంగా చంపలేదు, ఒంట్లో ఒకటి రెండు రోజులకు మించి ఉండదు. అంటే, మాత్ర వేసిన మూడో రోజున దుప్పటి మీది గుడ్డు బాబు నోట్లోకి వెళ్తే దాన్ని ఆపేందుకు లోపల మందు లేదు. ఆ గుడ్డు పొదిగి, పెరిగి, తిరిగి గుడ్లు పెట్టే ఆడపురుగు కావడానికి సుమారు నెల పడుతుంది. మీరు వేసింది నెలకోసారి! ప్రతిసారీ కొత్త తరం గుడ్లు పెట్టేశాక మీ మాత్ర చేరుతోంది. మెడికల్ షాపులో అడిగినప్పుడల్లా మాత్ర ఇచ్చారే తప్ప, రెండో మాత్ర ఎప్పుడో ఎవరూ చెప్పినట్టు లేదు.

రెండో మోతాదు సరిగ్గా 14 రోజులకు పడాలి. మొదటి మాత్ర తర్వాత మింగిన గుడ్ల నుంచి వచ్చిన పురుగులు అప్పటికి పొట్టలో ఉంటాయి, కానీ గుడ్లు పెట్టే వయసుకు రావు. ఈ పని ఇంట్లో అందరూ ఒకే రోజు చేయాలి. ఇన్నిసార్లు తిరగబెట్టిన ఇంట్లో దురద లేనివాళ్ళ పొట్టలో కూడా పురుగులు ఉండే అవకాశం ఎక్కువ. పెద్దవాళ్ళకు తరచూ లక్షణాలే ఉండవు. బాబుకొక్కడికే వేస్తూ పోతే, వాడికి తగ్గిన వారానికి పాప నుంచో వాళ్ళ నాన్న నుంచో మళ్ళీ వస్తుంది.

మీకు ఒక సౌకర్యం ఉంది. ఆగస్టు 10న బడిలో మళ్ళీ మాత్ర ఇస్తే, ఆ రోజునే ఇంటిల్లిపాదికీ మొదటి రోజుగా పెట్టుకోండి. బాబుకు బడిలో వేసిందే లెక్క, ఇంట్లో మళ్ళీ వేయక్కర్లేదు. మిగతావాళ్ళు ఆ సాయంత్రం వేసుకోవాలి, మీ సంగతీ మీ మరిది సంగతీ మాత్రం వేరు, కింద చెబుతాం. రెండో మోతాదు ఆగస్టు 24న, అది మీరే ఇంట్లో వేయాలి, బడివాళ్ళు వేయరు. ఆగస్టు 10న బాబు బడికి వెళ్ళలేకపోతే వారం తర్వాత మిగిలిపోయిన పిల్లలకు ఇచ్చే రోజు ఒకటి ఉంటుంది. అప్పుడు తీసుకుంటే ఇంటి తేదీలు కూడా దాంతోపాటు జరపండి. మీ బడిలో ఆగస్టు విడత లేకపోతే ఏ శనివారమో పెట్టుకోండి, మర్నాడు ఆదివారం ఉతుకుళ్ళకు ఇంట్లో అందరూ ఉంటారు.

మోతాదులు. రెండేళ్ళు దాటిన పిల్లలకూ పెద్దలకూ ఒకటే: ఆల్బెండజోల్ 400 మి.గ్రా., ఒక్కసారి. ఏడేళ్ళ వాడికీ వాళ్ళ నాన్నకూ తేడా లేదు, చాలామందికి ఇదే నమ్మశక్యంగా ఉండదు. మందు పనిచేయాల్సింది పేగులో ఉన్న పురుగు మీద గనుక బరువు లెక్క ఇక్కడ అంతగా పట్టించుకోరు. మాత్రను నమిలి మింగాలి. పరగడుపున ఉండనక్కర్లేదు, తిన్న తర్వాత వేసుకున్నా ఫర్వాలేదు. మర్నాడు ఆముదం తాగించి పొట్ట కడగడం ఒకప్పటి మందులతో వచ్చిన అలవాటు, దీనికి అవసరం లేదు. విరేచనాలు పట్టించి పిల్లవాణ్ణి నీరసపెట్టడమే మిగులుతుంది.

పాపకు ఏడాదిన్నర. ఒకటి నుంచి రెండేళ్ళ మధ్య పిల్లలకు సగం మోతాదు, అంటే 200 మి.గ్రా. ఏడాది లోపు పిల్లలకు వేయరు. అంగన్‌వాడీలో సగం మాత్ర ఇస్తారు. సిరప్ కొంటే సీసా మీద '5 మి.లీ.లో 200 మి.గ్రా.' అని ఉందో లేదో చూడండి. చాలా కంపెనీలవి 10 మి.లీ. సీసాలు. పాపకు అందులో సగం, 5 మి.లీ. మందు అడుగున పేరుకుంటుంది కాబట్టి గట్టిగా కుదిపి, చెంచాతో కాకుండా కొలత మూతతోనో సిరంజితోనో ఇవ్వండి. కుదపకుండా పై సగం ఇస్తే పాపకు మందు తక్కువ పడుతుంది, అడుగుది ఇంకొకరికి వేస్తే ఎక్కువ పడుతుంది. రెండో మోతాదు కూడా ఇదే, కానీ రెండేళ్ళ లోపు పాప గనుక 14వ రోజున వేసే ముందు పిల్లల డాక్టరుకో పీహెచ్‌సీ డాక్టరుకో ఒక మాట చెప్పండి.

మాత్ర ముక్కే ఇస్తే రెండు చెంచాల మధ్య మెత్తగా పొడి చేసి, కాసిని నీళ్ళలో కలిపి, పాపను నిటారుగా కూర్చోబెట్టి ఇవ్వాలి. ఏడుస్తున్న పిల్లల ముక్కు మూసి, నోరు తెరిచి మాత్ర తోయడం ఈ మందు విషయంలో జరిగే అతి పెద్ద ప్రమాదం. మందు వల్ల కాదు, గొంతుకు అడ్డుపడి ఊపిరి ఆగిపోవడం వల్ల. మూడేళ్ళ లోపు పిల్లలకు మాత్రను ముక్కగా ఇవ్వనే వద్దు. ఏడుపు ఆగేదాకా ఆగండి. గంట ఆలస్యమైతే పురుగుకు కలిసొచ్చేదేమీ లేదు.

వేశాక కాస్త కడుపు నొప్పి, వికారం, ఒకటి రెండు వాంతులు ఉండొచ్చు, ఒక రోజులో సర్దుకుంటాయి. వేసిన రెండు మూడు రోజుల వరకు మలంలో పురుగులు కదులుతూ కనిపించినా, దురద ఉన్నా, మందు పనిచేయలేదని మర్నాడే ఇంకో మాత్ర వేయకండి. పురుగు చావడానికి కొన్ని రోజులు పడుతుందని పైన చెప్పాం కదా.

మందుతో సమానంగా ముఖ్యమైన పని ఉదయాన్నే కడగడం. గుడ్లు పెట్టేది రాత్రి కాబట్టి, బాబు లేవగానే, పళ్ళు తోముకోకముందే, ఏదీ తినకముందే, వాడి వెనక భాగం సబ్బుతో కడగాలి. తొట్టిలో కూర్చోబెట్టకుండా నీళ్ళు పోసి కడగండి, లేకపోతే గుడ్లు అదే నీళ్ళలో తేలతాయి. సాయంత్రం స్నానం ఎంత బాగా చేయించినా ఈ పని జరగదు. రాత్రి బిగుతైన చెడ్డీ వేసి పడుకోబెట్టండి, పొద్దున మార్చండి. గోళ్ళు చర్మం దాకా కత్తిరించండి, రెండు వారాలూ. దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు మొదటి మాత్ర వేసిన మర్నాడు తీసి వేడి నీళ్ళలో ఉతికి ఎండలో ఆరబెట్టండి. ఆ దుప్పట్లను ఇంట్లో దులపకండి. దులిపితే గుడ్లు గాల్లోకి లేచి గదంతా పడతాయి, పీల్చిన దుమ్ముతో పాటు లోపలికీ వెళ్తాయి. అదే కారణంతో పడుకునే గదిని ఆ రెండు వారాలు పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవండి. తినే ముందు, దొడ్డికి వెళ్ళొచ్చాక సబ్బుతో చేతులు కడగడం మీకు తెలిసిందే. పాపకు డైపరో గుడ్డలో మార్చిన చేతులతోనే బాబుకు ముద్ద కలిపే హడావిడి ఉంటుంది చూడండి, అక్కడ జాగ్రత్త.

బెల్లం, స్వీట్లు తినడం వల్ల నులిపురుగులు పుట్టవు. నిద్రలో పళ్ళు కొరకడం, ముఖం మీద పాలిపోయిన మచ్చలు పురుగులకు గుర్తులు కావు. ఇవి చూసి మాత్రలు వేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. కుక్క, పిల్లి నుంచి కూడా నులిపురుగు రాదు, అది మనుషుల్లో మాత్రమే బతుకుతుంది.

'గట్టి మందు' అడిగారు. ఆల్బెండజోల్‌తో పాటు ఐవర్‌మెక్టిన్ కలిపిన మాత్రలు షాపుల్లో దొరుకుతాయి. నులిపురుగుకు ఆ కలయిక అవసరం లేదు. 15 కిలోల లోపు పిల్లలకూ గర్భిణులకూ అసలు వాడకూడదు. మెబెండజోల్ 100 మి.గ్రా. ఒక్కసారి, రెండు వారాలకు ఇంకోసారి, ఇది ఆల్బెండజోల్‌కు సమానమైన ప్రత్యామ్నాయం. మూడోది పైరాంటెల్, కిలోకు 11 మి.గ్రా. లెక్కన, గరిష్ఠం 1 గ్రాము, అదీ రెండు వారాలకు మళ్ళీ. దీనికి బరువు లెక్క ఉంది కాబట్టి డాక్టరు రాసిచ్చిన మోతాదే వేయాలి. ఇక కడుపు నొప్పి అనగానే షాపుల్లో ఇచ్చే మెట్రోనిడజోల్, టినిడజోల్ రకాలు అమీబాకు, జియార్డియాకు పనికొచ్చేవి. అవి ఒకే కణం ఉన్న జీవులు. నులిపురుగు మీద వాటి ప్రభావం లేదు. గొర్రెలకు, మేకలకు వేసే నట్టల మందులో కూడా తరచూ ఉండేది ఆల్బెండజోలే. అయినా పశువుల మందును కొలిచి పిల్లలకు వేసే ఆలోచన ఎవరు చెప్పినా వినకండి. ఆ మందు గాఢత వేరు, అందులో కలిపే ఇతర పదార్థాలు వేరు.

మీ సంగతి. గర్భం తొలి మూడు నెలల్లో ఆల్బెండజోల్ వేసుకోకూడదు. మీరు ఐదో నెలలో ఉన్నారు. రక్తహీనత నివారణ కార్యక్రమంలో గర్భిణులకు రెండో త్రైమాసికంలో ఐరన్ మాత్రలతో పాటు ఒక ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఇస్తారు. అది ప్రధానంగా కొంకిపురుగు కోసం. ఒక్కో కొంకిపురుగు రోజూ కొద్దికొద్దిగా రక్తం పీలుస్తుంది, వందల్లో ఉంటే తల్లికి హిమోగ్లోబిన్ పడిపోతుంది. మీరు ఆ మాత్ర ఇప్పటికే తీసుకుని ఉంటే ఏఎన్ఎం మీ కార్డులో రాసి ఉంటుంది, చూడండి. తీసుకోకపోతే, ఇంట్లో అందరూ వేసుకునే రోజే మీదీ పడేలా ఆమెను అడగండి. ఒకటి ఇప్పటికే అయిపోయి ఉంటే ఇంకోటి, 14వ రోజు మోతాదు, మీ అంతట మీరు వేసుకోకండి. మీకు దురద లేకపోతే చేతుల శుభ్రత, ఉదయం కడగడం చాలు. దురద ఉంటే డాక్టరు నిర్ణయిస్తారు. కాన్పు అయ్యాక, పాలిచ్చే రోజుల్లో ఈ ఒక్క మోతాదుకు అడ్డు లేదు.

మీ మరిది విషయంలో మాత్రం ఆగండి. ఇంటిల్లిపాదికీ అన్నాం గదా అని ఆయనకూ వేసేయకండి.

మన దేశంలో పెద్దయ్యాక కొత్తగా ఫిట్స్ రావడానికి ఒక ముఖ్య కారణం మెదడులో బద్దెపురుగు తిత్తులు. 'మేం పందిమాంసం తినం' అని చాలామంది కొట్టిపారేస్తారు. మాంసం ద్వారా వచ్చేది పేగులో పెరిగే పొడవాటి బద్దెపురుగు. మెదడులో తిత్తి వచ్చేది దాని గుడ్లు మింగడం వల్ల. పేగులో ఆ పురుగు ఉన్న మనిషి మలంలో గుడ్లు వెళ్తాయి, ఆయన చేతుల నుంచి, ఆ మురుగు తగిలిన ఆకుకూరల నుంచి, నీళ్ళ నుంచి ఇతరులకు చేరతాయి. పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టని ఇళ్ళలో కూడా ఈ జబ్బు చూస్తాం.

మెదడులో బతికున్న తిత్తి ఉంటే, ఆల్బెండజోల్ దాన్ని కదిలిస్తుంది. తిత్తి చచ్చేటప్పుడు చుట్టూ వాపు వస్తుంది, ఆ వాపుతో మళ్ళీ ఫిట్స్ రావచ్చు. నులిపురుగుకు వేసిన ఒక్క 400 మి.గ్రా. మాత్రతో కూడా అలా జరగవచ్చు. కంట్లో తిత్తి ఉంటే చూపుకే ముప్పు. అందుకే నిజంగా ఆ జబ్బుకు వైద్యం చేసేటప్పుడు ముందు కంటి పరీక్ష చేయించి, స్టెరాయిడ్ మొదలుపెట్టి, ఆ తర్వాతే ఆల్బెండజోల్ ఇస్తారు. కిలోకు 15 మి.గ్రా. చొప్పున రోజు మోతాదును రెండు పూటలకు పంచి, 10 నుంచి 14 రోజులు. తిత్తులు రెండుకు మించి ఉంటే ప్రాజిక్వాంటెల్ కూడా కలుపుతారు. అప్పుడు నెయ్యో నూనో ఉన్న భోజనంతో మింగమంటారు, కొవ్వు ఉంటే మందు రక్తంలోకి దాదాపు ఐదింతలు ఎక్కువ చేరుతుంది. పేగులోని పురుగుకు ఇది అక్కర్లేదు, మెదడుకు చేరాలంటే కావాలి. తిత్తి అప్పటికే గట్టిపడి సున్నం పట్టి ఉంటే ఈ మందుతో పనే లేదు, ఫిట్స్ మాత్రలే వైద్యం. ఏ మందు, ఎన్నాళ్ళు అనేది స్కాన్ చూస్తే తప్ప తేలదు.

రెండేళ్ళ క్రితం ఆయనకు సీటీ స్కానో ఎంఆర్ఐయో తీసే ఉంటారు. ఆ కాగితాలు, ఇప్పుడు వాడుతున్న మాత్రల పేర్లు తీసుకుని ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళి రెండు ప్రశ్నలు అడగమనండి: నాకు ఫిట్స్ తిత్తి వల్ల వచ్చాయా? ఇంట్లో నులిపురుగులు ఉన్నాయి, నేను ఏది వేసుకోవాలి? అనుమానం ఉంటే ఆయన పైరాంటెల్ రాయవచ్చు. అది పేగు నుంచి రక్తంలోకి దాదాపుగా వెళ్ళదు కాబట్టి మెదడు జోలికి పోదు. ఫెనిటాయిన్, కార్బమజెపిన్ వంటి ఫిట్స్ మాత్రలు రక్తంలో ఆల్బెండజోల్ స్థాయిని తగ్గిస్తాయి. నులిపురుగుకు దాంతో ఇబ్బంది లేదు గానీ, తిత్తికి వైద్యం జరిగే రోజుల్లో డాక్టరుకు ఈ సంగతి తెలియాలి. ఏ పరిస్థితుల్లోనూ ఆల్బెండజోల్ కోసమని ఫిట్స్ మాత్ర ఆపకండి. తిత్తే అని తేలితే ఇంట్లో అందరి మలం పరీక్ష చేయించమంటారు, బద్దెపురుగు ఇంట్లోనే ఎవరి పేగులోనైనా ఉందేమో చూడటానికి. మలంలో తెల్లగా, బల్లపరుపుగా ఉన్న ముక్కలు ఎవరైనా చూసి ఉంటే అదే గుర్తు. దానికి ఒక్క ఆల్బెండజోల్ మాత్ర సరిపోదు, నిక్లోసమైడ్‌తోనో ప్రాజిక్వాంటెల్‌తోనో వేరే వైద్యం ఉంటుంది.

ఇక అత్తగారి నాలుగు మాత్రలు. అవి బహుశా మూడు డీఈసీ (డైఇథైల్‌కార్బమజైన్, బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుల మందు), ఒకటి ఆల్బెండజోల్. పదిహేనేళ్ళు దాటినవాళ్ళకు ఫైలేరియా కార్యక్రమంలో ఇచ్చే లెక్క అదే: 100 మి.గ్రా. డీఈసీ మాత్రలు మూడు. 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకు రెండు, 2 నుంచి 5 ఏళ్ళకు ఒకటి. అందరికీ తోడుగా ఒక ఆల్బెండజోల్. కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా చేర్చారు, దాన్ని ఎత్తు కర్రతో కొలిచి ఇస్తారు. రెండేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడి ఉన్నవాళ్ళకు ఇవి ఇవ్వరు. కాబట్టి ఆ కార్యక్రమం మళ్ళీ వచ్చినప్పుడు మీరూ పాపా తీసుకోకూడదు. బాబుకు పెద్దల మోతాదు పనికిరాదు, పైగా నులిపురుగుకు డీఈసీతో పని లేదు.

ఈ డీఈసీ మీద తెలుగువాళ్ళకు కాస్త హక్కుంది లెండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనను నడిపించిన కాలంలో, 1940లలో, అక్కడి బృందం దీన్ని ఫైలేరియాకు మందుగా తెచ్చింది. ఇప్పటికీ ఆ మందే.

అయితే ఇది బోదకాలును తగ్గించే మందు కాదు. అత్తగారు మింగకపోవడానికి 'ఇన్నేళ్ళుగా ఇస్తున్నారు, కాలు తగ్గిందా' అన్న అనుమానం కారణమైతే, ఆవిడ అనుమానం సబబే. డీఈసీ ప్రధానంగా రక్తంలో తిరిగే పిల్ల పురుగులను చంపుతుంది. దోమ వాటిని ఇంకొకరికి మోయకుండా ఆపడం కార్యక్రమం ఉద్దేశం. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో (ఒంట్లో ఊరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నని గొట్టాలు) ఏళ్ళ తరబడి బతుకుతాయి, అందుకే ఏటా ఒకసారి చొప్పున చాలా ఏళ్ళు వేస్తారు. నాళాలు పాడై కాలు వాచాక ఆ వాపును ఏ మాత్రా వెనక్కి తేలేదు. అయినా బోదకాలు ఉన్నవాళ్ళు కూడా ఏటా వేసుకోవాలనే చెబుతారు, ఒంట్లో ఇంకా పిల్ల పురుగులు ఉండవచ్చు గనుక.

డబ్బాలో నెలల తరబడి విడిగా ఉన్న మాత్రలను ఇప్పుడు మింగనివ్వకండి. ఏది ఏదో తెలియదు, గడువు తేదీ తెలియదు. ఆశా కార్యకర్తకు తిరిగి ఇచ్చి, తర్వాతి విడతలో ఆమె ఎదురుగానే, అన్నం తిన్నాక వేసుకోమనండి. పరగడుపున వేసుకుంటే వికారం ఎక్కువ. వేసుకున్న కొన్ని గంటలకు జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తే భయపడనక్కర్లేదు. రక్తంలో పిల్ల పురుగులు చస్తున్నప్పుడు శరీరం చేసే హడావిడి అది, పారాసిటమాల్‌తో ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అలా రావడమంటే ఒంట్లో పురుగులు ఉన్నట్టే. కాలు ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వచ్చిన రోజుల్లో మాత్రం ఇవి వేసుకోకూడదు. దానికి కావాల్సింది యాంటీబయాటిక్, వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఆ జ్వరాలు రాకుండా ఉండాలంటే రోజూ రెండు పూటలా కాలిని సబ్బుతో, శుభ్రమైన నీళ్ళతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి. రుద్దకూడదు. వేళ్ళ మధ్య తెల్లగా నాని పగిలి ఉంటే సూక్ష్మజీవులు లోపలికి వెళ్ళే దారి అదే, అక్కడ ఫంగస్ మందు పూయాలి. పడుకున్నప్పుడు కాలి కింద దిండు, నడిచేటప్పుడు చెప్పులు. మాత్రల కంటే ఆ కాలికి దీనివల్లే ఎక్కువ మేలు.

అత్తగారికి నులిపురుగు కోసం మీ ఇంటి తేదీల్లో విడిగా ఆల్బెండజోల్ రెండుసార్లు వేయవచ్చు. ఒకవేళ ఫైలేరియా విడత ఆ రోజుల్లోనే వస్తే, అందులోని ఆల్బెండజోల్‌ను మొదటి మోతాదుగా లెక్కేసుకోండి, అదే రోజు రెండోది వద్దు.

ఆగస్టు 24 మోతాదు తర్వాత ఇంకో రెండు వారాలు చూడండి. దురద లేకపోతే పరీక్షలు అక్కర్లేదు. ఉంటే మలం పరీక్షకు పరిగెత్తకండి. నులిపురుగు గుడ్లు మలంలో అరుదుగానే దొరుకుతాయి, 'పురుగుల్లేవు' అని రాసిచ్చిన కాగితం మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. దీనికి టేపు పరీక్ష. బాబు లేవగానే, కడగకముందే, దొడ్డికి వెళ్ళకముందే, పారదర్శకంగా ఉండే సాదా సెల్లోటేపు ముక్కను జిగురు వైపు మలద్వారం చుట్టూ రెండు మూడు చోట్ల అద్ది, ల్యాబువాళ్ళు ఇచ్చిన గాజు పలక మీద అతికించండి. పొగచూరినట్టు మసకగా ఉండే టేపు మైక్రోస్కోపు కింద కనబడదు. ఆ పూటకు ముందు రాత్రి నూనె, క్రీము ఏవీ రాయవద్దు. ఒక్క ఉదయం తీస్తే సగం మందిలోనే దొరుకుతుంది, వరుసగా మూడు ఉదయాలు తీస్తే పదిలో తొమ్మిది మందిలో బయటపడుతుంది. మూడు పలకల మీదా తేదీ రాసి ఇవ్వండి.

అందులో గుడ్లు కనబడితే బాబును డాక్టరుకు చూపించండి, రెండు వారాలకోసారి ఇంకొన్ని మోతాదులు పొడిగిస్తారు, మళ్ళీ ఇంటిల్లిపాదికీ కలిపి. ఈలోగా కడుపు ఉబ్బి వాంతులు ఆగకపోయినా, మలంలో రక్తం పడినా, బాబు పాలిపోయి ఆయాసపడుతున్నా, పాపకు మూత్రం పోసేటప్పుడు మంటో ముందు భాగంలో దురదో కనిపించినా 14వ రోజు దాకా ఆగకుండా తీసుకెళ్ళండి. ఆడపిల్లల్లో ఈ పురుగు ముందు వైపుకూ పాకుతుంది.